నింద వాదనకు జవాబు కాదు

పుట్టుకతో వచ్చిన రంగునుబట్టి, వంశాన్నిబట్టి మనుషులను హీనులుగా ఎంచి, హక్కులకు దూరం చేయడమే జాతివివక్ష. ఒక విధానం అటువంటి అన్యాయానికి దారితీస్తున్నదని చూపే విమర్శ ప్రజాస్వామ్యానికి అవసరం. అయితే విధానాన్ని పరీక్షించే శ్రమ మానుకొని, దానిని ప్రతిపాదించినవారి మనసుపై తీర్పు చెప్పడానికి అదే మాటను వాడితే, చర్చ మొదలుకాకముందే ముగిసిపోతుంది.

అమెరికాలో 1965లో వెలువడిన మొయినిహాన్ నివేదిక చరిత్ర ఇందుకు నిదర్శనం. లిండన్ జాన్సన్ ప్రభుత్వంలో కార్మికశాఖ సహాయ కార్యదర్శిగా ఉన్న డేనియల్ పాట్రిక్ మొయినిహాన్, నల్లజాతి కుటుంబాలలో దాదాపు నాలుగో వంతుకు స్త్రీలే ఆధారమని లెక్కచూపి, ఈ స్థితికి మూలాలు బానిసత్వంలోను, తరతరాల అన్యాయంలోను, పురుషుల నిరుద్యోగంలోను ఉన్నాయని, చట్టం ఇచ్చిన సమానత్వం జీవితంలోకి రావాలంటే ప్రభుత్వం పూనుకోక తప్పదని వాదించాడు. ఆ ఏడాది ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ ప్రాంతం అల్లర్లతో అట్టుడికిన తరువాత నివేదిక పత్రికలలో విస్తృత చర్చకు రాగా, అది జాతివివక్షకు కొత్త ముసుగు అన్న ఆరోపణ చెలరేగింది. బాధితులకు జరిగిన అన్యాయానికి వారినే బాధ్యులను చేయడాన్ని ఎత్తిచూపే ‘బాధితుణ్ణి నిందించడం’ అన్న మాటను, ఈ నివేదికను విమర్శించిన మనస్తత్వవేత్త విలియం రయన్ 1971లో తన పుస్తకానికి పేరుగా పెట్టాడు.

విమర్శకుల పక్షాన సత్యం లేకపోలేదు. కుటుంబాల స్థితిని రోగంతో పోల్చిన నివేదిక భాష గాయపరిచేదే. ఉద్యోగాలలో, ఇళ్లు దొరకడంలో, బడులలో సాగుతున్న వివక్షనుంచి అది దృష్టి మళ్లిస్తుందన్న భయమూ నిరాధారం కాదు. ఆ లోపాలను లోపాలుగా చూపి ఉంటే నివేదిక పదును తేలేది. కాని పరిశోధకుడి ఉద్దేశాన్నే నేరంగా నిలబెట్టడంతో, నిరుద్యోగానికీ కుటుంబ విచ్ఛిత్తికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించే పని వెనుకబడింది. నల్లజాతి సామాజికశాస్త్రవేత్త విలియం జూలియస్ విల్సన్ 1987లో, ఆ వివాదానికి జంకి ఉదారవాద పండితులు పేదవాడల సమస్యలను తాకడమే మానుకున్నారని, ఆ ఖాళీని సంప్రదాయవాదుల వివరణలు ఆక్రమించాయని విశ్లేషించాడు. అంటే ఎవరి మేలుకోరి నింద మోపారో, నష్టం వారికే జరిగింది.

జాతివివక్ష అన్న మాట వెనుక కొరడాదెబ్బలు తిన్న తరాల వేదన ఉన్నది. ఆ మాటను ఆధారంతో పలకడం ఆ వేదనకు గౌరవం. జవాబు దొరకనప్పుడు దానిని విసరడం, రేపు నిజమైన బాధితుడు అదే మాట పలికినప్పుడు ఎవరూ వినకుండా చేయడం. అందుచేత విధానాన్ని దాని ఫలితాలతో తూచాలి, నేరాన్ని రుజువుతో మోపాలి.