వెల్లరా గ్రామము



స్విట్జర్లండు దేశమున జూరా కొండలయందు వెల్లరా యను చిన్న పల్లె గలదు. పచ్చికబయళ్ల నడుమ, కొండవాలున నున్న యీ యూర నూరుగురైనను లేరు. మా యింటనున్న బడిపటమున వెదకితిని గాని యింత చిన్న యూరి పేరు దాని కెక్కలేదు. అట్టి పల్లెను గూర్చి 1996లో ఆ దేశ ప్రజలందఱును ఓటు వేయవలసివచ్చెను. ఆ కథ వినదగినది.

ఇచ్చటివారి భాష ఫ్రెంచి. ఈ ప్రాంతము పూర్వము బాసెల్ మతాచార్యప్రభువుల యేలుబడిలో నుండెడిది. నెపోలియను పతనానంతరము 1815లో వియన్నా సభవారు దానిని బెర్న్ కాంటనున గలిపిరి. కాంటను లనగా మన రాష్ట్రముల వంటివి. బెర్నువారిలో పెక్కురు జర్మను భాష మాటలాడువారు. ఇచ్చినవారును పుచ్చుకొన్నవారును సంతోషించిరి కాబోలు, ఈయబడినవారి నెవ్వరడిగిరి? కన్య నడుగక కుదిర్చిన సంబంధము వంటిదే యీ యేర్పాటు!

వేఱుపడవలెనన్న కోరిక క్రమముగా బలపడెను. 1959లో ఓటు జరుగగా ఆ కోరిక వీగిపోయెను. అప్పుడు ఓటు వేసినవారందఱు పురుషులే. ఆ దేశపు స్త్రీలకు దేశవ్యవహారములయందు ఓటు లభించినది 1971లో! గడియారములకు పేరుగాంచిన దేశమున నింత యాలస్య మేల జరిగెనో తెలియదు. పిదప 1974 జూన్ 23న జూరా ప్రజలు, స్త్రీలును పురుషులును, మరల ఓటు వేసిరి. వేఱుకాపురము వలయునన్నవారు 36,802 మంది, వలదన్నవారు 34,057 మంది. ఐనను దక్షిణ తాలూకాలు 1975లో మరల ఓటు వేసి బెర్నుతోనే నిలిచినవి. వెల్లరా ఆ దక్షిణభాగములోనిది.

చిక్కంతయు నిక్కడనే కలదు. ఆపైని సరిహద్దునంటియున్న గ్రామములకు మాత్రము తమ మార్గము తాము నిర్ణయించుకొను హక్కు దొరకెను. కూరాండ్లాన్, షాతియోన్ మున్నగు నూళ్లు జూరా పక్షమున జేరినవి. అప్పటికి వెల్లరా సరిహద్దున లేదు గనుక దాని నడుగువారు లేరు. పొరుగూళ్లు తరలిపోయిన పిదప సరిహద్దు దాని గుమ్మము కడకు వచ్చెను గాని ఓటు గడువు ముగిసెను. 1979 జనవరి 1న జూరా కాంటను పుట్టెను. వెల్లరా బయటనే మిగిలెను.

ఊరివారు ఊరకుండలేదు. 1982లో తమది స్వతంత్ర గ్రామమని చాటిరి. సైన్యము లేదు, కోశము లేదు; పట్టుదల యొక్కటి మాత్ర ముండెను. జూరాలోనున్న ఎడెర్స్‌విలర్ అను జర్మను భాషా గ్రామముతో మార్పిడి చేయుద మన్న మాటయు వచ్చెను, పొసగలేదు. నాటి రాజ్యాంగము ననుసరించి కాంటనుల యెల్ల మార్చుటకు దేశమంతయు సమ్మతింపవలెను. 1996 మార్చి 10న ఓటు వేసినవారిలో నూటికి తొంబదిమందికి పైగా సరే యనిరి. వెల్లరా మొగమైన నెఱుగని వారెందఱో దానికై పెట్టెలో చీటి వేసిరి. జూలై 1న పల్లె జూరాలో జేరెను.

ఇంత పోరి సాధించుకొన్న యూరు ప్రత్యేక పురపాలన మాత్రము నిలుపుకొనలేదు. డెబ్బదిమంది జనముతో పాలకవర్గమును నడుపుట సులభమా? 2019 జనవరి 1న రెబువెలియే యను మఱియొక పల్లెతో గూడ వెల్లరా పొరుగూరిలో విలీనమయ్యెను. ఆ పొరుగూరు, 1975లో దీనిని వెనుక విడిచి ముందుగా తరలిపోయిన కూరాండ్లానే.