చిన్న విమానం - దూరపు ఊళ్లు

సంగారెడ్డి నుండి నాందేడు వైపు సాగే 161వ జాతీయ రహదారి మీద, మెదక్ జిల్లాలో అల్లాదుర్గ్ ఉన్నది. శంషాబాదు నుండి నాందేడుకు ఆకాశంలో తిన్నగా గీత గీస్తే అది కూడా ఇంచుమించు ఈ ఊరి మీదుగానే పోతుంది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద హైదరాబాదు, నాందేడుల మధ్య విమానం మొదలైంది. కింద బస్సుకు ఐదారు గంటలు పట్టే దూరాన్ని పైన విమానం గంటలో ముగించసాగింది.

ట్రూజెట్ సంస్థ నడిపిన ఆ విమానం ఏటీఆర్ 72. అంతవరకు ఎయిర్‌బస్ ఎ320 జెట్ విమానాలనే నడిపిన ఇండిగో సంస్థ కూడా, అదే ఏడాది డిసెంబరులో ఏటీఆర్‌లో కొత్త రకమైన 72-600ను హైదరాబాదు నుండి ప్రవేశపెట్టింది. దాని ప్రొపెల్లర్లను చూసి పాతకాలపు విమానమని పెదవి విరిచేవారున్నారు. అది పొరపాటు. ఆ ప్రొపెల్లర్లను తిప్పేది గ్యాస్ టర్బైనే; తక్కువ దూరాలకు ఇంధనం ఆదా అవుతుంది. 72-600లో పైలట్ ఎదుట ముళ్ల మీటర్లకు బదులు వెడల్పైన తెరలు అమర్చారు. అన్నిటికన్న ముఖ్యంగా, సుమారు 1,300 మీటర్ల రన్‌వే నుండి అది పైకి లేవగలదు. ఎ320లో 180 సీట్లు నిండాలి. దీనికి డెబ్బై చిల్లర మంది చాలు. రన్‌వే పొడిగించక ముందు రాజమహేంద్రవరానికి ఇటువంటి చిన్న విమానాలే దిక్కయ్యాయి. కనుక పెద్ద జెట్ దిగితేనే ఊరు ఎదిగినట్లని భావించడం తగదు.

అయితే విమానం ఊరికి తగినదైనంత మాత్రాన సర్వీసు నిలవదు. ఉడాన్‌లో సగం సీట్లకు గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయల పరిమితి విధించారు. ఆ నష్టాన్ని పూడ్చే సహాయం మూడేళ్ల వరకే. ఆ సొమ్ము కోసం పెద్ద మార్గాల్లో తిరిగే విమానాలపై సుంకం వేశారు. అటువంటి సొమ్మును ఇచ్చేటప్పుడు, నాలుగో ఏడు సర్వీసు ఎట్లా నడుస్తుందని సంస్థను ముందే అడగడం న్యాయం. నాందేడు వర్తకుడు ఉదయం వచ్చి పని చూసుకొని సాయంత్రం తిరిగి పోగల వేళలు ఉన్నాయా అన్నదీ అడగవలసినదే. ప్రారంభోత్సవాల నాడు ఈ ప్రశ్నలు వినిపించవు.

రైలు ఆగినా పట్టాలు మిగులుతాయి. విమానం మాత్రం మరొక మార్గానికి ఎగిరిపోతుంది. 2022లో ట్రూజెట్ విమానాలు పూర్తిగా ఆగిపోయాయి. వాటిని నమ్ముకొన్న నాందేడు ప్రయాణికులు మళ్లీ రైళ్లను, అల్లాదుర్గ్ మీదుగా పోయే బస్సులను ఆశ్రయించవలసి వచ్చింది.