ఒక ఇంట్లో మూడు కాపురాలు

ఆస్తి పంపకాలు సాధారణంగా అన్నదమ్ములు కోపంగా ఉన్న రోజున మొదలవుతాయి. అందుకే వాటిలో చాలా భాగం చివరికి ప్లీడరుగారి గుమ్మం ఎక్కుతాయి. కంప్యూటరు డిస్కును వాటాలు వేయడం కూడా సరిగ్గా ఇటువంటిదే. తీరికగా కూర్చుని కాగితం మీద గీసుకున్నవాడు సుఖపడతాడు. ఇన్‌స్టాలరు ప్రశ్నలు వేస్తూంటే అప్పటికప్పుడు తోచిన జవాబు చెప్పినవాడు ఆ తర్వాత చాలాకాలం సర్దుకుంటూనే ఉంటాడు.

లినక్సు అంటే ఒకటే అనుకునేరు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది కెర్నెల్ మాత్రమే. దాని చుట్టూ తలా ఒక సంసారం కట్టుకున్నారు. 1993లో డెబియన్, 2003లో ఫెడోరా, 2004లో ఉబుంటు, 2006లో మింట్ బయలుదేరాయి. అన్నీ ఉచితమే గనుక కుర్రవాళ్ళకు అన్నీ రుచి చూడాలని ఉంటుంది. తప్పులేదు. కాని మన ఇళ్ళలో చాలా చోట్ల కంప్యూటరు ఒక్కటే. అబ్బాయి ప్రయోగాలు, అమ్మాయి పెళ్ళి ఫొటోలు, నాన్నగారి పింఛను కాగితాలు, అన్నీ అందులోనే. అంచేత దీన్ని కుర్రతనపు సరదా అని తీసిపారేయడానికి వీల్లేదు. ఇది ఇంటిల్లిపాదికీ సంబంధించిన వ్యవహారం.

వాటాల మాట ఎత్తేముందు చేయవలసిన పని ఒకటుంది. పోతే తిరిగిరానివన్నీ వేరే డిస్కులోకి నకలు తీయండి. ఆ నకలు తెరుచుకుంటున్నదో లేదో చూడండి. తర్వాత ఆ డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టండి. ఊడదీయడం దేనికంటారా? ఇన్‌స్టాలరుకు తన పర భేదం లేదు. తగిలించి ఉన్న డిస్కులన్నీ దాని కళ్ళకు ఖాళీ స్థలాలే.

వాటాల పట్టికలు రెండు రకాలు. 1983లో డాస్ 2.0తో వచ్చిన పాత పద్ధతి ఎం.బి.ఆర్. అందులో అసలు వాటాలు నాలుగే. ఐదోది కావాలంటే ఒకదాన్ని ‘ఎక్స్‌టెండెడ్’ చేసి, దాని లోపల చిన్న గదులు కట్టుకోవాలి. 2 టెరాబైట్లకు మించిన డిస్కును మామూలుగా అది పూర్తిగా వాడుకోలేదు. కొత్త పద్ధతి జి.పి.టి. దానిలో మామూలుగా 128 వాటాలకు చోటుంది. పైగా పట్టికకు ఇంకొక ప్రతిని డిస్కు చివర దాచిపెడుతుంది. మీ యంత్రంలో యు.ఇ.ఎఫ్.ఐ. ఉంటే, కొత్త డిస్కుకు జి.పి.టి. ఎంచుకోవడమే మేలు.

ఇక లెక్క. 500 జి.బి. డిస్కు కొన్నారనుకోండి. యంత్రం దాన్ని 465 అని చూపిస్తుంది. దుకాణంవాడు మోసం చేయలేదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, యంత్రం 1024 చొప్పున లెక్కిస్తుంది. ఈ 465లో డెబియన్, ఫెడోరా, ఉబుంటు మూడూ కాపురం పెట్టాలంటే నేనైతే ఇలా పంచుతాను.

మొదటిది వీధి గుమ్మం, అంటే ఇ.ఎఫ్.ఐ. వాటా. ఫ్యాట్32 పద్ధతిలో 1 జి.బి. ఇస్తే ధారాళం. మూడు కాపురాలకూ గుమ్మం ఒకటే చాలు. ఒక్కొక్కరూ అందులో తమ పేరుతో ఒక ఫోల్డరు పెట్టుకుంటారు. ఉబుంటు, మింట్ రెండూ కావాలనుకునేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రెండూ ఒకే పేరుగల ఫోల్డరు వాడతాయి గనుక తర్వాత వచ్చినది ముందున్నదాని బోర్డు తీసి తనది తగిలిస్తుంది.

రెండవది ఎవరి గది వారికి. ఉబుంటువారు కనీసం 25 జి.బి. అడుగుతారు. పాత కెర్నెళ్ళూ, కొత్త ప్రోగ్రాములూ పోగుపడతాయి గనుక నేను తలా 40 ఇస్తాను. మొత్తం 120.

మూడవది స్వాప్, 8 జి.బి. ఒక సమయంలో మేలుకుని ఉండేది ఒక్కరే కనుక ముగ్గురికీ ఒకటి సరిపోతుంది. షరతులు రెండు. ఒక సిస్టమ్‌ను హైబర్నేట్ చేసి ఇంకొకదాన్ని లేపకూడదు. దాచిన పని పోవడమే కాక, ఉమ్మడి వాటాలోని ఫైళ్ళు కూడా చెడిపోవచ్చు. రెండు, కొత్తగా వచ్చిన సిస్టమ్ స్వాప్‌ను మళ్ళీ ఫార్మాట్ చేస్తే దాని గుర్తింపు సంఖ్య మారుతుంది. పాతవి పాత సంఖ్య కోసం ప్రతిసారీ నిమిషంన్నర ఎదురుచూస్తాయి. కొత్త సంఖ్యను వాటి ఎఫ్‌స్టాబ్ పట్టీలో రాస్తే సరి.

నాలుగవది అసలు చిక్కు. ‘హోమ్’ను ముగ్గురికీ ఉమ్మడిగా పెడదామని చాలామందికి తోస్తుంది. వద్దు. ఒకే పోపులపెట్టె మీద ముగ్గురు కోడళ్ళు వంట చేసినట్టుంటుంది. ప్రోగ్రాముల సెట్టింగులన్నీ హోమ్‌లో ఉంటాయి. ఫెడోరాలోని కొత్త వెర్షను వాటిని తనకు నచ్చినట్టు సర్దితే డెబియన్‌లోని పాత వెర్షనుకు అర్థం కావు. 2019 నుంచి ఫైర్‌ఫాక్స్ అయితే, తన కొత్త వెర్షను వాడిన ప్రొఫైలును పాత వెర్షనులో తెరవనని మొరాయిస్తుంది. అందుచేత హోమ్ ఎవరిది వారి గదిలోనే ఉండాలి. ఫొటోలు, పాటలు, కాగితాలు మాత్రం 300 జి.బి. ఉమ్మడి వాటాలో పెట్టి, మూడు సిస్టమ్‌ల నుంచీ దానికి దారి వేయాలి. ఈ మూడింటిలోనూ మొదటి వాడుకరి సంఖ్య 1000 కనుక, ఒకరు రాసిన ఫైలు ఇంకొకరికి అభ్యంతరం లేకుండా తెరుచుకుంటుంది.

ఇప్పటికి 429 అయింది. మిగిలిన 36ను ఖాళీగా ఉంచండి. రేపు నాలుగో చుట్టం రాకుండా ఉండడు.

విండోస్ ముందే ఉన్న యంత్రమైతే, దాని వాటాను విండోస్ చేతనే తగ్గించాలి. ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆపివేయాలి. లినక్సు పద్ధతి ఎక్స్‌ట్4ను విండోస్ తనంతట తాను చదవలేదు గనుక ఉమ్మడి వాటాను ఎన్.టి.ఎఫ్.ఎస్.లో పెట్టాలి.

మూడూ ఎక్కించాక మెనూలో ఒక్కటే కనబడితే కంగారుపడకండి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 ఇరుగుపొరుగు సిస్టమ్‌లను వెతకడం మానుకుంది. కొన్ని పంపిణీలు ఆ అలవాటును తిరిగి నేర్పాయి, కొన్ని నేర్పలేదు. సెట్టింగులలో ఓఎస్-ప్రోబర్‌కు అనుమతి ఇచ్చి, మెనూను మళ్ళీ తయారు చేయిస్తే అందరూ కనబడతారు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరి మాట. ‘డిస్కంతా చెరిపివేయి’ అన్న తేలిక దారి పట్టకండి. ‘మాన్యువల్’ అన్నదే మన దారి. ప్రతి వాటాకూ ఒక పేరు పెట్టండి. రెండోసారి, మూడోసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఉమ్మడి వాటా పక్కన ‘ఫార్మాట్’ టిక్కు లేదని చూసిన తర్వాతే ముందుకు సాగండి. కాగితం మీద రాసుకున్న లెక్కతో తెరమీది లెక్కను ఇంకొకరి చేత చదివించుకుంటే మరీ మంచిది. బ్యాంకులో చెక్కు రాసేటప్పుడు చూపే శ్రద్ధ చాలు.

పంపకం సవ్యంగా జరిగిందనడానికి గుర్తు ఒక్కటే. అబ్బాయి ఫెడోరాను ఖాళీ చేయించి, ఆ గదిలో ఇంకొకరిని దింపిన సంగతి, పెళ్ళి ఫొటోలు చూసుకుంటున్న అమ్మకు తెలియకూడదు.