సంతకానికి మాత్రమే వారసులమా?

చనిపోయినవాళ్ళకు కూడా ఆదాయపు పన్ను రిటర్న్ వేయాల్సి ఉంటుందని మనలో ఎంతమందికి తెలుసు? ఏప్రిల్ 1 నుంచి పోయిన రోజు వరకూ వచ్చిన ఆదాయం పన్ను పరిమితి దాటితే, ఆ మనిషి పేరు మీదే ఆఖరి రిటర్న్ దాఖలు చెయ్యాలి. చెయ్యాల్సింది చట్టబద్ధ వారసులు. కర్మకాండకు కొడుకే కావాలంటుంది సంప్రదాయం. ఈ కాగితాల కర్మకు అలాంటి నియమమేమీ లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన మగవాడికి తల్లి, భార్య, కూతురు, కొడుకు అందరూ మొదటి తరగతి వారసులే. అయినా మన ఇళ్ళలో ఈ పని ఎవరి చేతుల్లోకి పోతోంది? కొడుకు, అల్లుడు, మరిది, ఆడిటర్. మన వంతుకొచ్చేది "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అన్న ఒక్క మాట.

నా సహచరుడు పోయి నెల తిరక్కుండానే నా ముందుకో కాగితాల కట్ట వచ్చింది. చదివి పెడతానన్నాను. "మా మీద నమ్మకం లేదా వదినా?" అన్నాడు మరిది. ముప్ఫై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, చదవకుండా సంతకం పెట్టడం నాకు చేతకాదు. పన్ను కాగితాల మధ్యలో, ఇంట్లో నా వాటా వదులుకుంటున్నట్టు విడుదల పత్రం చిత్తుప్రతి కూడా ఉంది. ఇదేమిటని అడిగితే, "నీ మేలుకే వదినా, ఆయన పన్ను బాకీలు నీ నెత్తిన పడకుండా" అన్నాడు.

నా గొడవంతా ఈ బెదిరింపుతోనే. చట్టం అలా చెప్పదు. 1961 చట్టం 159వ సెక్షన్ వారసుల బాధ్యతను పోయినవాళ్ళు వదిలిన ఆస్తి మేరకే పరిమితం చేసింది. 2025లో చేసిన కొత్త చట్టంలోనూ ఆ సూత్రం అలాగే ఉంది. పన్ను తేల్చకుండా ఆ ఆస్తిని అమ్ముకుంటే తప్ప, మన జీతం మీదికీ మన నగల మీదికీ ఎవరూ రారు. ముందు మనల్ని తెలియనివాళ్ళుగా ఉంచడం, తర్వాత ఆ తెలియనితనాన్నే చూపించి భయపెట్టడం. దీన్ని ఆదుకోవడం అంటారా?

"దుఃఖంలో ఉన్న మనిషికి లెక్కలెందుకు" అనే దయామయులున్నారు. దుఃఖంలో ఉన్న కొడుకు చేతిలోంచి మాత్రం ఎవరూ పాస్‌బుక్ లాక్కోరు.

ఇదేం బ్రహ్మవిద్య కాదు. మరణ ధ్రువపత్రం, పోయినవారి పాన్, మన పాన్, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వంటి వారసత్వ రుజువు పెట్టి, పన్ను శాఖ పోర్టల్‌లో ప్రతినిధిగా నమోదు కావాలి. పోయిన రోజు తర్వాత వచ్చే వడ్డీ, అద్దె వారసుల లెక్కలోకి వెళతాయి. కుటుంబ పింఛను మన సొంత రిటర్న్‌లో చూపించాలి. ఈ ఒక్క పని చేస్తే ఆ ఇంటి డిపాజిట్లు, అద్దెలు, అప్పులు చాలావరకు మన కళ్ళ ముందుకొస్తాయి. మనల్ని దూరంగా ఉంచేది అందుకే.

మరి మనం పోతే? అదే చట్టం 15వ సెక్షన్‌లో, భర్తా పిల్లలూ లేని స్త్రీ స్వార్జితానికి ఆమె తల్లిదండ్రుల కంటే ముందు భర్త వారసులను నిలబెట్టింది. పెళ్ళయిన కొద్ది నెలలకే వితంతువై, పుట్టింటివారి అండతో చదువుకుని ఉద్యోగం చేసిన ఒకామె సంపాదనను 2009లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ ప్రకారమే అత్తింటివారికి ఇచ్చింది.

బొట్టూ గాజుల గురించి మనం చాలా రాశాం. రాయాల్సిందే. పాన్ కార్డు గురించీ, పాస్‌బుక్ గురించీ, మన వీలునామా గురించీ కూడా ఇకనైనా రాద్దాం. చదవని కాగితం మీద సంతకం పెట్టనని చెప్పడం ఏ సిద్ధాంతానికీ తీసిపోని రాజకీయం.