విడిభాగాలకు ముందుచూపు అవసరం

విశాఖ వెళ్ళిన పల్లె ప్రజలు రామకృష్ణా బీచిలోని కురుసుర జలాంతర్గామిని చూడకుండా తిరిగి రావడం అరుదు. 1971 యుద్ధంలో అది అరేబియా సముద్రంలో గస్తీ తిరిగిన సంగతి చాలామందికి తెలుసు. అది కొన్నేళ్ళపాటు మూలనపడి వున్న సంగతి మాత్రం కొందరికే తెలుసు.

1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిన కురుసుర 1975 నాటికే పాడయింది. బాగుచేసే వసతులు అప్పట్లో మన దగ్గర లేవు. దాని భాగాలను విప్పి తోటి జలాంతర్గాములకు బిగించారు. 1980-82లో సోవియట్ యూనియన్‌లో బాగుచేయించిన తరువాత 1985లో అది తిరిగి విధుల్లో చేరింది. 2001లో విరమించింది. పనిచేయవలసిన వయసులో దాదాపు పదేళ్ళు వృథా అయ్యాయి.

ఒక మోటారు విప్పి మరో మోటారుకు బిగించుకునే రైతుకు ఒక మడి తడుస్తుంది, రెండో మడి ఎండుతుంది. ఓడల విషయమూ అంతే. పైగా విప్పడం రెండుసార్లు, బిగించడం రెండుసార్లు.

అలాగని కనిపించిన సామానల్లా కొని గోదాముల్లో నింపడం పరిష్కారం కాదు. వాడకపోయినా రబ్బరు వాషర్లు ఎండి పగులుతాయి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. ఓడ విరమించాక మిగిలిన భాగాలు పాతసామాను కింద లెక్క. కనుక వేటిని ఎంత నిలవ వుంచాలన్నదే అసలు ప్రశ్న. ఏది లేకపోతే ఓడ రేవు దాటలేదో, ఏది లేకపోయినా కొన్నాళ్ళు నడుస్తుందో, ఏది తీరికగా తెప్పించుకోవచ్చునో వేరుచేయాలి. మొదటి రకం ఎంత ఖరీదైనా, ఏళ్ళ తరబడి అవసరం రాకపోయినా స్టోరులో వుండి తీరాలి. ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి ఎన్ని నెలలు పడుతుందో లెక్కగట్టి, నిలవ తరగకముందే ఆర్డరు పెట్టాలి. దప్పిక అయినప్పుడు బావి తవ్వితే లాభం లేదు.

తయారీదారులే లేకుండా పోతే లెక్కలన్నీ తారుమారవుతాయి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కావడంతో దాని ఫ్యాక్టరీలు వేర్వేరు దేశాల పాలయ్యాయి. రాజపుత్ తరగతి నౌకల గ్యాస్ టర్బైన్లు తయారయ్యే ఊరు ఉక్రెయిన్‌లో వుండిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజపుత్ 1980 నుంచి 2021 వరకు, అంటే 41 ఏళ్ళు పనిచేసింది. అంతకాలం ఒకే విడిభాగాన్ని తయారుచేస్తూ కూర్చునే కంపెనీ వుండదు. కనుక ఓడ కొనేటప్పుడే విడిభాగాల డ్రాయింగులను, ఇక్కడ తయారుచేసుకునే హక్కును అడిగి తీసుకోవాలి.

దిగుమతి చేసుకుంటున్న వస్తువుల వివరాలను దేశీయ పరిశ్రమలకు తెలియజేసేందుకు రక్షణశాఖ 2020లో 'సృజన్' పోర్టల్ ప్రారంభించింది. ఇది హర్షణీయం. అయితే రెండు ముక్కల కోసం అచ్చు తయారుచేసే చిన్న వర్క్‌షాపుకు ఖర్చు కూడా తిరిగి రాదు. కొన్నేళ్ళ అవసరాన్ని కలిపి ఒకే ఆర్డరుగా ఇవ్వాలి. పరీక్షలు త్వరగా ముగించి, బిల్లులు సకాలంలో చెల్లించాలి. అప్పుడు ఐ.టి.ఐ. చదివిన పల్లె యువకులకూ పని దొరుకుతుంది.

యుద్ధంలో పోరాడినవారికి పతకాలు వస్తాయి. స్టోరులో కార్డు సరిగా రాసిన గుమాస్తా పేరు ఎవరికీ తెలియదు. కాని ఆ కార్డులో పది అని వున్నచోట అరలో ఒక్కటీ లేకపోతే, ఓడ రేవులోనే నిలిచిపోతుంది. కొనుగోలుపై చూపే శ్రద్ధను నిలవ లెక్కలపై కూడా చూపవలసిన ఆవశ్యకత ఎంతైనా వుంది.