దేహ పరిజ్ఞానం – అందరి విద్య

హైదరాబాదు నుండి మేడ్చల్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది కొంపల్లి. ఆ పరిసరాలలో అనేక జూనియర్ కళాశాలలు వెలిశాయి. పదవ తరగతి ముగియగానే విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రూపును ఎన్నుకొంటారు. జీవశాస్త్రం తీసుకొన్నవారు మానవ దేహ నిర్మాణాన్ని, దేహ క్రియలను రెండేళ్లు అభ్యసిస్తారు. గణితం, వాణిజ్యశాస్త్రం, చరిత్ర ఎన్నుకొన్నవారికి ఆ చదువు అంతటితో ముగుస్తుంది. దేహం మాత్రం అందరికీ ఉన్నది. దానిని గురించిన ప్రాథమిక జ్ఞానం కాబోయే వైద్యులకే పరిమితం కావడం సమంజసం కాదు.

ఇందుకు నిదర్శనం కొంపల్లి చేరువలోనే లభిస్తుంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అత్యవసర సేవ ప్రారంభమైంది. దానిని ఆరంభించిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ ప్రధాన కార్యాలయం సమీపంలోని దేవరయాంజాల్‌లో నెలకొన్నది. ఆపదలో ఫోను చేసిన వెంటనే వాహనం బయలుదేరుతుంది. అయితే అది ఎంత వేగంగా వచ్చినా కొన్ని నిమిషాలు పట్టక తప్పదు. ఆ నిమిషాలలో బాధితుని ప్రాణం పక్కనున్నవారి చేతులలోనే ఉంటుంది.

కారణం దేహధర్మంలోనే ఉన్నది. విశ్రాంతి సమయంలో పెద్దవారి గుండె నిమిషానికి సుమారు 72 సార్లు స్పందిస్తూ, దాదాపు 5 లీటర్ల రక్తాన్ని ప్రసరింపజేస్తుంది. దేహం బరువులో మెదడు 2 శాతమే. కాని దేహం వినియోగించే ప్రాణవాయువులో సుమారు ఐదవ వంతు దానికే కావాలి. దానిని నిల్వ చేసుకొనే శక్తి మెదడుకు లేదు. కనుక గుండె ఆగి రక్తప్రసరణ నిలిచిపోతే నాలుగైదు నిమిషాలలోనే మెదడు కణాలు దెబ్బతినడం ఆరంభిస్తాయి. స్పృహ తప్పి శ్వాస ఆడని వ్యక్తి ఛాతీ మధ్యభాగాన్ని రెండు చేతులతో, నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా అదిమి వదులుతుంటే మెదడుకు కొంత రక్తం అందుతూనే ఉంటుంది. గుండె స్థానమూ, పనీ ఎరిగినవారే ఆ సాయం తడబాటు లేకుండా చేయగలరు.

పాఠ్యభారం ఇప్పటికే అధికమని కొందరు ఆక్షేపించవచ్చు. ఆ మాటలో సత్యం లేకపోలేదు. అయితే ఇక్కడ కావలసింది 206 ఎముకల పేర్లు వల్లించడం కాదు. గుండె, ఊపిరితిత్తులు, మెదడు ఒకదానిపై ఒకటి ఎట్లా ఆధారపడతాయో తెలిపే నాలుగు పాఠాలు, బొమ్మపై ఛాతీ అదిమే అభ్యాసం చాలును. వీటికి మార్కులు లేకున్నా విలువ ఉన్నది.

రహదారి పక్కన కుప్పకూలిన మనిషి, సాయానికి వచ్చిన విద్యార్థిని ఏ గ్రూపు చదువుతున్నావని అడగడు.