ఇంగ్లిష్ మీడియం వచ్చింది.. మరి మాట్లాడే ధైర్యం ఎప్పుడొస్తుంది?

పదో తరగతి ఇంగ్లిష్‌లో 80 మార్కులు. కానీ "నీ గురించి ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పు" అంటే మాత్రం తల దించేస్తాడు. తెలుగు రాష్ట్రాల సర్కారు బడుల్లో ఇలాంటి పిల్లలు ఎందరో. లోపం పిల్లల్లో ఉందా.. లేక మనం నేర్పే తీరులో ఉందా?

చర్చంతా మీడియం మీదే

2019 నవంబర్‌లో ఏపీ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తెస్తూ జీవో 81 ఇచ్చింది. దాన్ని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. ఇంత జరిగినా, క్లాసులో కూర్చునే పిల్లలకు ఏం కావాలన్నది మాత్రం ఎవరూ పెద్దగా అడగలేదు.

టీనేజర్ లెక్క వేరు

తల్లిదండ్రులకు ఇంగ్లిష్ అంటే ఉద్యోగం. పధ్నాలుగేళ్ల పిల్లాడికి ఉద్యోగం చాలా దూరం. వాడికి ఇంగ్లిష్ ఇవాళే కావాలి. ఫోన్‌లో గేమ్ ఆడాలన్నా, యూట్యూబ్ వీడియో అర్థం కావాలన్నా, క్రికెట్ కామెంటరీ వినాలన్నా అదే అవసరం. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ తీసుకోవాలనుకునే అమ్మాయికి ఫిజిక్స్ పాఠం చదివి అర్థం చేసుకునేంత ఇంగ్లిష్ కావాలి. ఐటీఐకి వెళ్లే కుర్రాడికి మెషీన్ మీద రాసిన సూచనలు తెలియాలి. అందరికీ ఒకే గైడు, ఒకే బట్టీ అంటే ఎలా?

అసలు అడ్డంకి మరొకటుంది. అదే సిగ్గు. ఆ వయసులో తప్పు మాట్లాడితే క్లాసంతా నవ్వుతుంది. ఒక్కసారి నవ్వులపాలైతే ఏడాదంతా నోరు విప్పరు. పైగా ఏపీ పదో తరగతి ఇంగ్లిష్ పరీక్ష పూర్తిగా రాతపరీక్షే. మాట్లాడితే మార్కులు రావు. అందుకే టీచర్లు కూడా లెటర్లు, వ్యాసాలు బట్టీ పట్టిస్తారు. సీబీఎస్‌ఈలో మాత్రం వినడం, మాట్లాడటానికి ఇంటర్నల్ మార్కులున్నాయి.

మరి ఏం చేయాలి? రోజూ పది నిమిషాలు జంటలుగా మాట్లాడించాలి. పదం తట్టకపోతే తెలుగులో చెప్పనివ్వాలి. తప్పు దొర్లితే నవ్వకూడదన్న రూల్ పెట్టాలి. వీటికి జీవో అక్కర్లేదు. టీచర్ అనుకుంటే చాలు. బోర్డు మీద మీడియం మార్చడం ఒక్క రోజు పని. పిల్లల నోట్లో భయం పోగొట్టడమే అసలు పరీక్ష.